పెరటి చెట్టు వైద్యానికి పనికొస్తుందా?

ఈ వారం ఉత్తరం విశాఖ కూర్మన్నపాలెం నుంచి. రాసింది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసిన అమ్మాయి. పేరు వెయ్యొద్దంది, వెయ్యడం లేదు. కాస్త కుదించి ఇస్తున్నాను.

"సార్, నాకు బయోమెడికల్ ఇంజినీరింగ్ చదవాలని ఉంది. డాక్టర్ అవ్వాలని చిన్నప్పుడు అనుకున్నాను గానీ బోటనీ అంటే భయం, లెక్కలంటే ఇష్టం. అందుకే ఎంపీసీ తీసుకున్నాను. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో చేసి వీఆర్‌ఎస్ తీసుకున్నారు. సీఎస్‌ఈ అయితేనే ఫీజు కడతానంటున్నారు. మావయ్య అయితే 'అది ఆసుపత్రిలో మెషీన్లు తుడిచే పని, దానికి బీటెక్ ఎందుకు' అని నవ్వుతున్నాడు. చెన్నైలో ఒక కాలేజీ వాళ్లు మేనేజ్‌మెంట్ సీటు ఉంది, ఈ వారంలోనే కట్టేయండి అని రోజూ ఫోన్ చేస్తున్నారు. మా ఇంటికి దగ్గర్లోనే మెడ్‌టెక్ జోన్ ఉంది కదా, చదివితే అక్కడే ఉద్యోగం వస్తుందా? ఏం చేయమంటారు?"

అమ్మా, నీ ఉత్తరంలో ఒకటి కాదు, నాలుగు ప్రశ్నలున్నాయి. ఆ చదువు ఏమిటి? ఎక్కడ చదవాలి? ఉద్యోగం ఉంటుందా? నాన్నగారి డబ్బు దాని మీద పెట్టొచ్చా? నాలుగోది నువ్వు అడగలేదు గానీ, అసలు ప్రశ్న అదే. ఒక్కొక్కటిగా చూద్దాం. ఇదే గందరగోళంలో ఉన్న మిగతావాళ్లు కూడా చదవండి.

మావయ్యకి ఒక పల్స్ ఆక్సీమీటర్ చూపించు

కొవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన చిన్న డబ్బా అది. వేలికి పెడితే 97, 98 అని చూపించేది. దాని లోపల ఏం జరుగుతుందో మావయ్యని అడుగు.

ఒక వైపు నుంచి రెండు రకాల కాంతి వేలి గుండా వెళుతుంది. ఒకటి కంటికి కనిపించే ఎర్ర కాంతి, రెండోది కనిపించని పరారుణ కాంతి. ఆక్సిజన్ నిండిన రక్తం ఒకదాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది, ఆక్సిజన్ లేని రక్తం రెండోదాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది. అవతలి వైపున్న సెన్సర్ ఎంత కాంతి చేరిందో కొలుస్తుంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా ఆ కొలత కొద్దిగా మారుతుంది. ఆ మార్పును పట్టుకుని, లెక్క కట్టి, తెర మీద ఒక అంకె వేస్తుంది. ఈ ఆలోచనను 1970ల్లో జపాన్ ఇంజినీరు తకువో అయోయాగి కనిపెట్టాడు. ఆయన డాక్టర్ కాదు, ఇంజినీరు.

ఇందులో ఫిజిక్స్ ఉంది, సర్క్యూట్ ఉంది, లెక్కలున్నాయి, ప్రోగ్రామింగ్ ఉంది, శరీరం ఎలా పని చేస్తుందో తెలియడం ఉంది. ఈ ఐదూ కలిసినదే బయోమెడికల్ ఇంజినీరింగ్.

ఇంకో ముక్క. 2020 డిసెంబరులో అమెరికా పరిశోధకులు ఒక విషయం బయటపెట్టారు. తెల్లవారితో పోలిస్తే నల్లజాతి రోగుల్లో ఈ పరికరం ఆక్సిజన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించి, ప్రమాదాన్ని దాచేసే సందర్భాలు దాదాపు మూడు రెట్లు ఉన్నాయని తేలింది. చర్మం రంగు కాంతిని అడ్డుకోవడమే అందుకు కారణంగా చెప్పారు. ఎవరి వేళ్ల మీద పరీక్షించి తయారు చేశారో వాళ్లకే మెషీన్ బాగా పని చేస్తుందన్నమాట. మన వేళ్లకీ, మన ఎండకీ, మన కరెంటు కోతలకీ తట్టుకునే మెషీన్ కావాలంటే మన దగ్గర ఆ చదువు చదివినవాళ్లుండాలి. ఇది తుడిచే పని కాదని మావయ్యకి ఈ ఒక్క ఉదాహరణతో చెప్పొచ్చు.

ఇది ఏది కాదు?

చాలామంది పేరు చూసి పొరబడతారు. అందుకని ముందే తేల్చుకుందాం.

బయోమెడికల్ వేరు, బయోటెక్నాలజీ వేరు. బయోటెక్నాలజీలో కణాలు, ఎంజైములు, జన్యువులు, టీకాలు. బయోమెడికల్‌లో సర్క్యూట్లు, సెన్సర్లు, స్కానర్లు, కృత్రిమ కీళ్లు.

ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్ఐ తీసే టెక్నాలజిస్టు చదువు కూడా వేరు. వాళ్లు మెషీన్‌తో రోగికి పరీక్ష చేస్తారు. బయోమెడికల్ ఇంజినీరు ఆ మెషీన్ సరిగ్గా కొలుస్తోందో లేదో చూస్తాడు, లేదా కొత్తది తయారు చేస్తాడు.

మీ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది కదా. అక్కడ రేడియేషన్ ఇచ్చే మెషీన్ దగ్గర రోగికి ఎంత మోతాదు పడాలో లెక్క కట్టేది మెడికల్ ఫిజిసిస్టు. అదీ వేరే దారే, ఎమ్మెస్సీ ఫిజిక్స్ మీదుగా వెళుతుంది. నీకు లెక్కలిష్టం అన్నావు కాబట్టి ఆ పేరు కూడా చెవిన వేస్తున్నాను.

నాలుగేళ్లూ ఏం చదువుతావు?

మొదటి ఏడాది అందరు ఇంజినీర్లతో సమానమే. లెక్కలు, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్. తర్వాత అనాటమీ, ఫిజియాలజీ వస్తాయి. బోటనీ రాదు, భయపడకు. ఆపైన సర్క్యూట్లు, సిగ్నల్ ప్రాసెసింగ్, సెన్సర్లు, మెడికల్ ఇమేజింగ్, బయోమెకానిక్స్, బయోమెటీరియల్స్.

ఒక ఉదాహరణ చెబుతాను. ఛాతీ మీద ఈసీజీ తీగలు పెడితే గుండె నుంచి వచ్చే సిగ్నల్ ఒక మిల్లీవోల్టు ప్రాంతంలో ఉంటుంది. అదే గదిలో గోడ ప్లగ్గులో 230 వోల్టుల కరెంటు, సెకనుకి 50 సార్లు ఊగుతూ ఉంటుంది. జాతరలో మైకులన్నీ మోగుతుంటే ఒక పసిబిడ్డ ఊపిరి వినడం లాంటిది ఇది. ఆ చిన్న సిగ్నల్‌ని పట్టుకోవాలి. అంతేకాదు, ఆ తీగల నుంచి రోగి ఒంట్లోకి కరెంటు లీకవకుండా చూడాలి. నేరుగా గుండెకి తగిలే పరికరాల్లో, అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు కూడా అంతర్జాతీయ ప్రమాణం అనుమతించే లీకేజీ కేవలం 10 మైక్రో ఆంపియర్లు.

ఇలాంటి లెక్క చదివితే నీకు "అబ్బ, భలే ఉందే" అనిపించిందా? అయితే ఈ చదువు నీకు సరిపోతుంది. "ఏదో డాక్టరుకి దగ్గరగా ఉంటుంది కదా" అని మాత్రమే అనుకుంటే ఇంకోసారి ఆలోచించు. ఎంబీబీఎస్ రాలేదనే బాధకి ఇది మందు కాదు. ఇది అచ్చంగా ఇంజినీరింగ్.

మీ పెరట్లో ఏముంది?

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. మీ ఊరి విషయంలో ఆ సామెత తిరగబడింది.

ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్, అందరూ ఏఎంటీజెడ్ అనేది, స్టీల్‌ప్లాంట్‌ను ఆనుకుని పెదగంట్యాడ వైపు దాదాపు 270 ఎకరాల్లో ఉంది. 2018 డిసెంబరులో ప్రారంభమైంది. దాని ప్రత్యేకత స్థలం కాదు, ఉమ్మడి ల్యాబులు. ఒక చిన్న కంపెనీ గుండె మానిటర్ తయారు చేసిందనుకో. అది పక్కనున్న మెషీన్ల విద్యుదయస్కాంత తరంగాలకి తికమకపడకుండా ఉందా అని పరీక్షించాలి. ఒంట్లో పెట్టే పదార్థమైతే శరీరానికి పడుతుందా అని చూడాలి. కొన్నింటిని గామా కిరణాలతో శుద్ధి చెయ్యాలి. నమూనాకి 3డీ ప్రింటింగ్ కావాలి. ఇవన్నీ చిన్న కంపెనీ సొంతంగా పెట్టుకోలేదు. అందుకే ఒకే ఆవరణలో పెట్టి అందరూ వాడుకునేలా చేశారు. 2020లో దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు ఇక్కడ వెంటిలేటర్లు, ఆర్టీపీసీఆర్ కిట్లు తయారయ్యాయి. వైద్య పరికరాల మీద అధ్యయనం చేసే కలాం ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ టెక్నాలజీ కూడా ఆ ఆవరణలోనే ఉంది.

నాన్నగారి స్టీల్‌ప్లాంటుకీ వైద్యానికీ కూడా ఒక బంధం ఉంది. 2021 ఏప్రిల్‌లో దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు ఏడు ఖాళీ ట్యాంకర్లతో మహారాష్ట్ర నుంచి వచ్చింది మీ ప్లాంటుకే. ఉక్కు కరిగించడానికి తయారు చేసుకునే ఆక్సిజన్ నింపుకుని వెనక్కి వెళ్లి, ఊపిరాడని మనుషులకి అందింది. ప్లాంటులో ఆక్సిజన్ తయారు చెయ్యడం ఒక ఇంజినీరింగ్. ఆసుపత్రి మంచం దగ్గర సరైన ఒత్తిడితో, సరైన శాతంలో అది ముక్కుకి చేరేలా చూడటం ఇంకో ఇంజినీరింగ్. నువ్వు చదవాలనుకుంటున్నది ఆ రెండోది.

మన తెలుగునేల మీద ఈ పని కొత్త కూడా కాదు. 1990ల్లో హైదరాబాదులో అబ్దుల్ కలాం, గుండె డాక్టరు సోమరాజు కలిసి తక్కువ ఖర్చు స్టెంట్ తయారు చేయించారు. కలాం-రాజు స్టెంట్ అన్న పేరు అలా వచ్చిందే. అదే రోజుల్లో నిమ్స్‌లో పోలియో పిల్లలు మూడు కిలోల లోహపు కాలిపర్లు మోస్తూ నడవడం కలాం చూశారు. క్షిపణుల కోసం తయారైన తేలికపాటి పదార్థంతో దాన్ని దాదాపు 300 గ్రాములకి తగ్గించారు. అగ్ని క్షిపణి పదార్థం ఒక పిల్లాడి కాలికి ఊతమైంది. ఈ చదువు గురించి ఇంతకన్నా చక్కగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

అయితే ఒక మాట. ఏఎంటీజెడ్ మీ ఇంటికి దగ్గరుంది కాబట్టి నీకు ఉద్యోగం వస్తుందనుకోవడం పొరపాటు. అక్కడున్న కంపెనీలకి కావలసింది బయోమెడికల్ వాళ్లే కాదు. సర్క్యూట్ బోర్డుకి ఈసీఈ వాళ్లని, అచ్చులకీ డిజైన్‌కీ మెకానికల్ వాళ్లని, కిట్లకి బయోటెక్ వాళ్లని తీసుకుంటారు. పక్కింటివాళ్లమని గేటు తియ్యరు. పని వచ్చని తీస్తారు. పక్కన ఉండటం వల్ల నీకున్న లాభం వేరే. చెన్నై కుర్రాడు హాస్టల్ అద్దె కట్టి చెయ్యాల్సిన ఇంటర్న్‌షిప్‌ని నువ్వు అమ్మ పెట్టిన క్యారేజీతో ఆటో ఎక్కి వెళ్లి చెయ్యొచ్చు. ఆ లాభాన్ని వాడుకో.

ఉద్యోగాలు ఎక్కడెక్కడ?

*ఆసుపత్రి.* పెద్ద ఆసుపత్రులన్నింటిలో బయోమెడికల్ విభాగం ఉంటుంది. వెంటిలేటర్లు, డయాలసిస్ మెషీన్లు, ఇన్‌ఫ్యూజన్ పంపులు, మానిటర్లు ఎప్పుడూ పని చేస్తూ ఉండాలి. ఏది కొనాలి, కంపెనీ చెప్పే మెయింటెనెన్స్ కాంట్రాక్టు ధర సరైనదేనా, క్యాలిబ్రేషన్ ఎప్పుడు చెయ్యాలి, ఇవన్నీ వాళ్ల పనే. రాత్రి రెండింటికి ఐసీయూ నుంచి ఫోను వస్తుంది, వెళ్లాలి. మొదట్లో జీతం చిన్నదే. నేర్చుకునేది మాత్రం చాలా ఉంటుంది.

ప్రభుత్వ ఆసుపత్రుల సంగతి విడిగా చెప్పాలి. జాతీయ ఆరోగ్య మిషన్ దేశమంతా పరికరాల లెక్క తీయిస్తే, రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం దాకా పని చెయ్యనివే ఉన్నాయని తేలింది. కొన్న మెషీన్ మూల పడి ఉండటం, రోగి బయట డబ్బు కట్టి స్కానింగ్ చేయించుకోవడం, ఇది మనందరం చూసిందే. అందుకే 2015లో బయోమెడికల్ పరికరాల నిర్వహణ పథకం తెచ్చారు. జిల్లా ఆసుపత్రుల్లో పరికరాలు 95 శాతం సమయం పని చేస్తూ ఉండాలన్నది లక్ష్యం. దాన్ని అమలు చేసే కంపెనీలు ఇంజినీర్లని తీసుకుంటాయి. ఇవి ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగాలు. నాన్నగారు అనుకునే పర్మనెంట్ కాదు.

*సర్వీస్, అప్లికేషన్.* స్కానర్లు అమ్మే పెద్ద కంపెనీలకి వాటిని బిగించి, రిపేరు చేసి, డాక్టర్లకి నేర్పే మనుషులు కావాలి. ఊళ్లు తిరగాలి. శ్రీకాకుళంలో పొద్దున, రాజమండ్రిలో సాయంత్రం. తిరగడం ఇష్టమైతే జీతం త్వరగానే పెరుగుతుంది. ఆడపిల్లకి ఇది కుదరదు అని ఎవరో అంటారు. పట్టించుకోకు. కాకపోతే కంపెనీ ప్రయాణ ఏర్పాట్లు ఎలా చేస్తుందో చేరే ముందే అడుగు.

*నాణ్యత, నియంత్రణ.* దీని గురించి మన కాలేజీల్లో పెద్దగా చెప్పరు. ఈ బ్రాంచి వాళ్లకి ఇప్పుడు బాగా కలిసొచ్చేది మాత్రం ఇదే. మెడికల్ డివైజెస్ రూల్స్ 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రమాదాన్ని బట్టి పరికరాలని ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేశారు. ఎ, బి తరగతులకి 2022 అక్టోబరు నుంచి, సి, డి తరగతులకి 2023 అక్టోబరు నుంచి లైసెన్సు తప్పనిసరి. అంటే ఒక చిన్న కంపెనీ కూడా తన మెషీన్ సురక్షితమని కాగితాల మీద, పరీక్షల మీద నిరూపించాలి. ఆ ఫైలు తయారు చెయ్యాలంటే మెషీనూ తెలియాలి, శరీరమూ తెలియాలి, చట్టమూ తెలియాలి. రెండు పడవల మీద కాళ్లు అని జనం వెక్కిరించే ఈ బ్రాంచికి ఇక్కడ ఆ రెండు పడవలే బలం. ఐఎస్ఓ 13485 అన్న ప్రమాణం పేరు ఇప్పుడే గుర్తుపెట్టుకో.

*పరిశోధన, డిజైన్.* హైదరాబాదులో మెడ్‌ట్రానిక్ ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైజెస్ పార్కు ఉంది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఇంజినీర్లూ డాక్టర్లూ కలిసి పని చేసే సృజన ఇన్నొవేషన్ సెంటర్ ఉంది. ఇలాంటి చోట్లకి బీటెక్ ఒక్కటే చాలడం అరుదు. ఎంటెక్, లేదా చేతిలో చూపించడానికి గట్టి ప్రాజెక్టు ఉండాలి.

*సాఫ్ట్‌వేర్.* దాచడమెందుకు, ఈ బ్రాంచిలో చేరినవాళ్లలో చాలామంది చివరికి ఐటీ కంపెనీల్లోనే చేరతారు. తప్పేం లేదు. కాకపోతే అదే గమ్యమైతే సీఎస్‌ఈ దగ్గర దారి.

మొత్తంగా మార్కెట్ పెరుగుతోందా? పెరుగుతోంది. మన దేశం ఇప్పటికీ వైద్య పరికరాల్లో ఎక్కువ భాగం దిగుమతి చేసుకుంటోంది. 2023లో కేంద్రం తెచ్చిన జాతీయ వైద్య పరికరాల విధానం, 11 బిలియన్ డాలర్ల రంగాన్ని 2030 నాటికి 50 బిలియన్లకి చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యం వేరు, నీ చేతికి వచ్చే ఆఫర్ లెటర్ వేరు. కాలేజీ బ్రోషర్ మొదటి పేజీలో ఈ అంకె కనిపిస్తే, చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకుంటున్నారని గుర్తుపెట్టుకో.

సీటు ఎక్కడ, ఎలా?

జేఈఈ మెయిన్ ర్యాంకు ఉంటే జోసా కౌన్సెలింగ్‌లో రూర్కెలా, రాయ్‌పూర్ ఎన్‌ఐటీల్లో ఈ బ్రాంచి ఉంది. రూర్కెలా కూడా మీలాగే ఉక్కు ఊరు. అడ్వాన్స్‌డ్ ర్యాంకు ఉంటే ఐఐటీ హైదరాబాద్ చూడు. ఐఐటీ మద్రాస్ 2023లో మెడికల్ సైన్సెస్ అండ్ ఇంజినీరింగ్ అని నాలుగేళ్ల బీఎస్ మొదలుపెట్టింది. దానికి జేఈఈ కాదు, ఐసర్‌ల ప్రవేశ పరీక్ష రాయాలి. ఇది చాలామందికి తెలియదు, ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ రాసి పెట్టుకోండి.

తెలంగాణలో ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో, నర్సాపూర్ బీవీఆర్‌ఐటీలో ఈ బ్రాంచి ఉంది. అక్కడ బైపీసీ వాళ్లకి కూడా కొన్ని సీట్లుంటాయి. అయితే రాష్ట్ర విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024లో ముగిసింది. ఆంధ్ర విద్యార్థులు అక్కడి కన్వీనర్ కోటా మీద ఆశ పెట్టుకునే ముందు స్థానికత నిబంధనలు చదువుకోవాలి. మన ఆంధ్ర ఈఏపీసెట్‌లో ఈ పేరుతో ఉన్న సీట్లు తక్కువే. వెబ్ ఆప్షన్లు తెరిచినప్పుడు ఆ ఏడాది జాబితాలో ఏ కాలేజీలున్నాయో చూసుకో.

సీటు దొరకలేదా? తలుపు మూసుకోలేదు. ఈ రంగంలోకి వెనక గుమ్మం కూడా ఉంది, అదీ రాజమార్గమే. ఈసీఈ, ఈఈఈ, మెకానికల్, ఏదైనా గట్టిగా చదివి, గేట్ రాసి ఎంటెక్‌లో బయోమెడికల్‌కి వెళ్లొచ్చు. గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ పేపరు విడిగా ఉంది. ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ కలిసి క్లినికల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ నడుపుతాయి. ఇంజినీరింగ్ కాలేజీ, ఆసుపత్రి, పరికరాలు తయారు చేసే సంస్థ, మూడూ ఒకే కోర్సులో. శ్రీచిత్ర అంటే మన దేశపు సొంత కృత్రిమ గుండె కవాటం తయారు చేసిన చోటు. 1990 డిసెంబరులో మొదటిసారి అది ఒక రోగికి అమర్చారు.

చెన్నై ఫోన్ కాల్ సంగతి

ఈ వారంలోనే కట్టేయండి అని తొందరపెట్టే సీటు గురించి తొందరపడొద్దు. మంచి సీటు నీ వెంట పడదు, నువ్వే దాని వెంట పడతావు. ఆ కాలేజీ ఏదైనా సరే, ఈ ప్రశ్నలు అడుగు:

• బయోమెడికల్ ల్యాబు చూపిస్తారా? ఈసీజీ సిమ్యులేటర్, పేషెంట్ మానిటర్, ఓసిలోస్కోపు ఉన్నాయా? వాటి మీద దుమ్ముందా?

• ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉంది? విద్యార్థులు అక్కడ ఎన్ని వారాలు ఉంటారు? ఒక్కరోజు విజిట్ అయితే అది పిక్నిక్.

• చెప్పేవాళ్లలో ఎంతమంది ఈ సబ్జెక్టులో చదివినవాళ్లు?

• గత మూడేళ్లలో ఈ బ్రాంచి నుంచి బయటికి వెళ్లినవాళ్లు ఎక్కడున్నారు? ఎంతమంది వైద్య పరికరాల రంగంలో ఉన్నారు? కాలేజీ మొత్తం ప్లేస్‌మెంట్ శాతం చెబితే ఒప్పుకోకు, ఈ బ్రాంచిది విడిగా అడుగు.

• ఇద్దరు సీనియర్ల నంబర్లు ఇస్తారా?

జవాబులు నసుగుతూ వస్తే ఫోను పెట్టేయ్.

నాన్నగారితో ఎలా మాట్లాడాలి?

ముందు ఆయన భయం అర్థం చేసుకో. మీ ఊళ్లో పెరిగిన ఎవరికైనా ఆ భయం ఉంటుంది. ఆ ప్లాంటుకి 1971లో శంకుస్థాపన అయింది, 1992లో జాతికి అంకితమైంది. పొలాలు, ఊళ్లు వదులుకున్న కుటుంబాలు "ఇక మా పిల్లలకి భయం లేదు" అనుకున్నాయి. 2021 జనవరిలో ప్లాంటుని అమ్మేస్తామన్న నిర్ణయం వచ్చింది. మీ కూర్మన్నపాలెం జంక్షన్‌లోనే దీక్షా శిబిరం వెలిసింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఇన్ని మలుపులు కళ్లారా చూసిన మనిషి, చేతికొచ్చిన డబ్బుని పేరే వినని బ్రాంచి మీద పెట్టమంటే జంకుతాడు. అది మొండితనం కాదు, అనుభవం.

కాబట్టి "నాకిష్టం" అన్న ఒక్క మాటతో వెళ్లకు. కాగితం మీద మూడు వరసలు వేసి తీసుకెళ్లు. మొదటి వరసలో నాలుగేళ్ల మొత్తం ఖర్చు, హాస్టల్‌తో సహా. రెండో వరసలో ఆ కాలేజీ సీనియర్లు చెప్పిన నిజమైన మొదటి జీతాలు. మూడో వరసలో అది కుదరకపోతే నీ రెండో దారి. మూడో వరస ఉన్న కాగితాన్ని ఏ తండ్రీ తేలిగ్గా తీసిపారెయ్యడు. సీఎస్‌ఈకి కూడా ఇదే కాగితం వెయ్యి. ఆ పేరు పెట్టుకున్న ప్రతి సీటూ ఉద్యోగం కాదని ఆయనకీ తెలుస్తుంది.

చివరిగా నా మాట

మెరిట్ మీద ఎన్‌ఐటీలోనో, ఐఐటీలోనో, పేరున్న ప్రభుత్వ కాలేజీలోనో బయోమెడికల్ వస్తే, కళ్లు మూసుకుని కాదు, కళ్లు తెరుచుకునే చేరు. బాగుంటుంది.

అది రాకపోతే, వీఆర్‌ఎస్ డబ్బు మొత్తం పోసి తెలియని కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు కొనొద్దు. ఇంటి నుంచి వెళ్లొచ్చే దూరంలో మంచి కాలేజీలో ఈసీఈ గానీ, ఈఈఈ గానీ తీసుకో. బీటెక్ స్థాయిలో బయోమెడికల్‌లో అన్నీ కొంచెం కొంచెం వస్తాయి. సర్క్యూట్ లోతుగా వచ్చినవాళ్లకి శరీరం తర్వాత నేర్పడం కంపెనీలకి తేలిక. రెండో ఏడాది నుంచే సెలవుల్లో ఏఎంటీజెడ్‌లో గానీ, ఒక ఆసుపత్రి బయోమెడికల్ విభాగంలో గానీ ఇంటర్న్‌షిప్ అడుగు. మూడో ఏడాది ప్రాజెక్టుగా ఒక చిన్న పరికరం చెయ్యి. నాలుగో ఏడాది గేట్ బయోమెడికల్ పేపరు రాయి. మిగిలిన డబ్బు నీ ఎంటెక్‌కి ఉంటుంది, నాన్నగారి మనసుకి ధైర్యంగానూ ఉంటుంది.

కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు ఒక పని చెయ్యి. తెలిసినవాళ్ల ద్వారా దగ్గర్లో ఏదైనా ఆసుపత్రి బయోమెడికల్ ఇంజినీరుని కలిసి, ఒక పూట ఆయన వెంట తిరగనివ్వమని అడుగు. మెషీన్ మూత తీసినప్పుడు నీకు ముందుకు వంగి చూడాలనిపిస్తుందో, గడియారం చూసుకోవాలనిపిస్తుందో తెలిసిపోతుంది. వీలైతే మావయ్యని కూడా తీసుకెళ్లు.